పోగుంటల నారు

టమాట వేరులో ఏం జరుగుతుందో నాకు తెలుసు. ఆ తెలిసినదాని మీదే బతుకుతున్నాను. జనగామలో ఒక కాలేజీలో కాంట్రాక్టు మీద వృక్షశాస్త్రం చెబుతాను. అంతకు ముందు కొన్నేళ్ళు ఒక ప్రయోగశాలలో కూర్చొని, మంచి బాక్టీరియా వచ్చి తాకితే వేరు ఏ హార్మోన్లు తయారు చేస్తుంది, చెడ్డది వచ్చి తాకితే ఏవి తయారు చేస్తుంది అని చూడడమే పనిగా పెట్టుకున్నాను. అందుకు డాక్టరేటు కూడా ఇచ్చారు. ఊళ్ళోవాళ్ళు దవాఖాన డాక్టరనుకొని నాకు మోకాళ్ళ నొప్పులు చెప్పుకునేవారు. వాళ్ళకు నేను పనికిరాలేదు, సరే. మా అక్క టమాట చేనుకు కూడా పనికిరాలేదు. ఆ బాధ నాకు ఇంకా పోలేదు.

అక్కను దంతాలపల్లి దగ్గర ఒక ఊరికి ఇచ్చారు. కాస్త ఎర్ర చెలక నేల, ఒక బోరు, రేకుల ఇల్లు. బావ భూపాలపల్లిలో బొగ్గు గనిలో కాంట్రాక్టు పనికి పోతాడు. అక్కడ ఎవరిదో క్వార్టరులో ఒక గది కిరాయికి తీసుకొని, చేతకాని వంట చేసుకొని, సెలవు దొరికినప్పుడు ఇంటికి వస్తాడు. పిల్ల గురుకులంలో చదువుతుంది. భూపాలపల్లికి వచ్చెయ్యమని బావ, చచ్చినా రానని అక్క, ఏళ్ళ తరబడి ఇదే కొట్లాట. చివరికి ఒక వానాకాలం ముందు ఇద్దరూ కూర్చొని ఒక మాట అనుకున్నారు. ఈసారి టమాట మంచిగా పండితే అక్క అక్కడే ఉంటుంది, బావ కూడా గని పని మానుకొని ఇంటికి వస్తాడు. పండకపోతే చెలక కౌలుకిచ్చి, ఇంటికి తాళం వేసి, అక్క భూపాలపల్లికి పోతుంది.

ఆ సాయంత్రమే అక్క నాకు ఫోన్ చేసింది.

"ఒక్క పంట అడిగిన చెల్లె మీ బావను. ఒక్కటే. నువ్వు సదివిన సదువంత తెచ్చి నా చేన్ల పెట్టాలె."

నాకు పొంగిపోయినంత పనైంది. అన్నేళ్ళలో ఇంట్లోవాళ్ళు నా చదువును ఏదైనా పనికి పిలవడం అదే మొదలు. మా ప్రయోగశాలలో పనిచేసే ఒక స్నేహితురాలిని అడిగి, వేరుకు మేలు చేసే బాక్టీరియా కలిపిన పొడి తీసుకొని తొర్రూరు బస్సెక్కాను. బస్సులో ఆ సంచీని ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను, పక్కన కూర్చున్నావిడ అది ప్రసాదమా అని అడిగింది.

నాటే రోజు పొద్దున బకెట్లో నీళ్ళు పోసి, పొడి కలిపి, నారు వేళ్ళను అందులో ముంచుతుంటే అక్క నా పక్కన గొంతుక్కూర్చొని చూసింది.

"గీ పొడిల పురుగులున్నయంటివి గదనే?"

"పురుగులు కాదక్కా, కంటికి కనబడని బాక్టీరియా. మంచివి."

"మంచియని నీకు ఎరుక. ఏరుకెట్ల ఎరుక?"

నేను ఏళ్ళ తరబడి చేసిన పని అంతా ఆ ఒక్క ప్రశ్నే. అక్కకు అర్థమయ్యేటట్టు చెప్పాలని తంటాలు పడ్డాను. మొదట వేరుకు తెలియదు. ఎవరు వచ్చి తాకినా ఒకేలా ఉలిక్కిపడుతుంది. వచ్చింది మంచిదైతే కాసేపటికి వేరు తన కోపాన్ని తగ్గించుకుంటుంది, అది వేరు మీద కాపురం పెట్టుకుంటుంది. పెట్టుకున్నందుకు ఊరికే ఉండదు. జాస్మోనిక్ ఆమ్లమనీ, ఇథిలీననీ రెండు హార్మోన్ల దారిలో ఆకుల దాకా కబురు పోతుంది, రేపు ఏ తెగులు వచ్చినా సిద్ధంగా ఉండమని. వచ్చింది చెడ్డదైతే చెట్టు సాలిసిలిక్ ఆమ్లం పెంచుకుంటుంది, ఆ చోట తన కణాలను తానే చంపుకొనైనా దాన్ని అక్కడే ఆపాలని చూస్తుంది. అయితే చెడ్డవాటిలో కొన్ని ఉంటాయి, మాయలమారివి. చెట్టు హార్మోన్లనే అవి కూడా తయారు చేసి, చెట్టు గొంతుతోనే చెట్టుకు అబద్ధాలు చెబుతాయి.

అక్క అంతా విని, "ఓస్, కొత్త కోడలు ఇంటికొచ్చినట్టే గదా. మంచిదో చెడ్డదో ఒక ఏడాది దాక తెల్వది" అన్నది.

"మరి నీ సంగతి ఎప్పుడు తేలింది?"

"మా అత్త బతికినన్ని దినాలు తేలలే."

అవతల గట్టు మీద నారు కట్టలు విప్పుతున్న ఆమె పకపకా నవ్వింది. ఆమె పక్క తండా మనిషి. వాళ్ళ భాషలో అక్కచెల్లెళ్ళను బాయి అంటారు, అక్క ఆమెను అట్లాగే పిలుస్తుంది. వయసులో అక్క కంటే పెద్దది. ఇద్దరూ ఒకరి చేనుకు ఒకరు బదులుకు పోతారు, అంటే ఈ రోజు నువ్వు నా చేన్లో చేస్తే రేపు నేను నీ చేన్లో చేస్తాను. కూలి పెట్టుకోలేని వాళ్ళకు బదులే ఆసరా. అక్క ఒంటరిగా అన్నేళ్ళు ఆ చెలక చేసుకోగలిగిందంటే బాయి వల్లనే.

అక్కడ నారు సంగతిలో ఒక కట్టుబాటు ఉంది. ఇంట్లో పోసుకున్న నారును ఎవరూ అమ్ముకోరు. తమ చేను నిండగా మిగిలింది అడిగినవాళ్ళకు ఇస్తారు. ఉండగా లేదన్నవాళ్ళ మడి మరుసటేడు మొలవదని అంటారు. తీసుకున్నవాళ్ళు గంపను ఖాళీగా తిరిగివ్వరు, గుప్పెడు గింజలో నాలుగు కాయలో వేసి ఇస్తారు. నర్సరీల నుంచి ట్రేలలో మొక్కలు వచ్చిపడుతున్న ఈ రోజుల్లో కూడా ఆ కట్టుబాటు నడుస్తూనే ఉంది. పోగుంటలు పెట్టాల్సి వచ్చినప్పుడు, అంటే చచ్చిన మొక్కల సందుల్లో కొత్తవి నాటాల్సి వచ్చినప్పుడు, నాలుగు మొక్కల కోసం ఎవరు నర్సరీకి పోతారు? పక్కింటి మడికే పోతారు.

అక్క చేన్లో కూడా నాటిన తరువాత వాన దంచి కొట్టి అక్కడక్కడ మొక్కలు చచ్చాయి. మా పొడి పట్టించిన నారు మిగల్లేదు. అక్క నాకు ఫోన్ చెయ్యలేదు, ఎందుకు చేస్తుంది? బాయిని అడిగింది. బాయి తన మడిలో నుంచి మొక్కలను వేళ్ళు తెగకుండా మట్టి పెళ్ళతో సహా లేపి, గంపలో పెట్టుకొని, తడి గుడ్డ కప్పి తెచ్చింది. ఆమె చేతి పని అంత శుభ్రంగా ఉంటుంది. ఇద్దరూ కలిసి సందులన్నీ నింపారు. తరువాత నేను వెళ్ళేసరికి చేను నిండుగా ఉంది, సాళ్ళు గీత గీసినట్టు ఉన్నాయి. ఏది మా నారు, ఏది బాయి నారు అని నాకు తెలియను కూడా తెలియలేదు.

ఆ చేను ఏపుగా వచ్చింది. గొప్పలు చెప్పుకోవడం కాదు, అంత ముదురు ఆకుపచ్చ నేను ప్రయోగశాల కుండీల్లో కూడా చూడలేదు. దారిన పోయేవాళ్ళు ఆగి చూసిపోయేవారు. అక్క రోజూ పొద్దుగూకాక ఫోన్ చేసి చెట్ల సంగతి చెప్పేది, పిల్ల సంగతి అడిగితే "అది మంచిగనే ఉంది తియ్" అని మళ్ళీ చెట్ల దగ్గరికే వచ్చేది. బావ ఒకసారి వచ్చి కర్రలు పాతి, తీగె లాగి, చెట్లకు ఊతం కట్టి పోయాడు. పోతూ పోతూ చేను గట్టు మీద చాలాసేపు నిలబడ్డాడట. "మీ బావ మొకం చూడాలె చెల్లె. గని ఇడిచిపెట్టినట్టే అనిపిస్తున్నది" అని అక్క చెప్పింది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని నేను ఎగతాళి చేశాను. నవ్వింది. లోపల నేను కూడా సోమలింగానికి బట్టలు కుట్టిస్తూనే ఉన్నాను.

పూత పట్టి, తొలి పిందెలు కనబడ్డాక ఒక మధ్యాహ్నం నేను క్లాసులో ఉండగా ఫోన్ వచ్చింది.

"చెల్లె, నాలుగు చెట్లు తలకాయలు ఏలాడేసినయే."

"నీళ్ళు చాలలేదేమో."

"తడి మంచిగనే ఉంది. ఆకు పచ్చగనే ఉంది. మరి ఎందుకు గిట్ల?"

ఆకు పచ్చగా ఉండగానే వాడిపోయింది అనేసరికి పాఠం అక్కడితో ఆపేసి పిల్లలను పంపేశాను. సాయంత్రం మళ్ళీ ఫోన్ చేసి లేచి నిలబడ్డాయని చెప్పింది, సంతోషంగా. పగలు వాడి సాయంత్రం లేవడం కూడా ఒక తెగులు గుర్తే, నేను సంతోషపడలేకపోయాను. మరునాడు సెలవు పెట్టి పోయాను.

వాడిన చెట్టు ఒకటి పీకి, కాండం అడుగున ఏటవాలుగా కోసి, గాజు గ్లాసులో తేట నీళ్ళు పోసి కోసిన చివరను అందులోకి వేలాడదీసి పట్టుకున్నాను. అక్క, బాయి ఇద్దరూ చెరో పక్క నుంచి చూస్తున్నారు. కాసేపటికి కోసిన చోట నుంచి తెల్లటి దారం ఒకటి పాలలాగా కిందికి జారింది.

"అదేంది?" అన్నది అక్క.

"అవే అక్కా. బాక్టీరియా. చెడ్డవి."

వేరులోని గాయాల గుండా, పిల్లవేర్లు చీల్చుకొని వచ్చే సందుల గుండా లోపలికి పోతాయి. నీళ్ళు ఎక్కే గొట్టాల్లో చేరి, కోట్లకు కోట్లు పెరిగి, జిగురు చేసి గొట్టాలను మూసేస్తాయి. కింద మడి నిండా నీళ్ళున్నా చెట్టు దాహంతో చస్తుంది. దీన్ని ఎండు తెగులు అంటారు. మేము పట్టించిన మంచి బాక్టీరియా ఏం చేస్తున్నాయని అక్క అడగలేదు కానీ నన్ను నేనే అడిగాను. అవి చెట్టును సిద్ధం చేస్తాయి. అవతలి నుంచి వచ్చేది దండు అయినప్పుడు ఆ సిద్ధం ఎంతకు సరిపోతుంది?

"మందేంది?" అన్నది అక్క.

ఒకసారి గొట్టాల్లో చేరిందంటే దానికి మందు లేదు. మాకు పాఠం చెప్పిన పెద్దాయనకు ఫోన్ చేస్తే, "వాడినవి పీకి కాల్చెయ్యమ్మా, ఒక చెట్టు నీళ్ళు ఇంకో చెట్టుకు పోనియ్యకు, మూడు నాలుగేళ్ళు మక్కజొన్న పెట్టించు" అన్నారు. నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న జవాబు అదే. చేను గట్టు మీద నిలబడి వింటుంటే ఫోను విసిరికొట్టబుద్ధయింది. అక్క ఊరుకుంటుందా? మందుల దుకాణానికి పోయి రెండు పొట్లాలు, ఒక సీసా తెచ్చింది. ఇది కొడితే మూడు రోజుల్లో లేస్తాయని దుకాణం అతను గ్యారంటీ ఇచ్చాడట. నాకు ఒళ్ళు మండిపోయింది. అక్క మీద కాదు. వాడి దగ్గర అబద్ధమైనా ఒకటి ఉంది, నా దగ్గర అది కూడా లేదు.

బస్సు దిగిన ప్రతిసారీ చేన్లో ఖాళీలు పెరుగుతూ వచ్చాయి. చేను మొదట్లో బకెట్లో బ్లీచింగ్ పౌడరు కలిపి పెట్టాను. బయటికి వచ్చేటప్పుడు కాళ్ళు, కొడవళ్ళు అందులో కడుక్కోవాలి, లేకపోతే మట్టితోపాటు తెగులు పక్క చేన్లకు పోతుంది. అక్క కాళ్ళు కడుక్కుంటూ, "నా చేన్ల మన్ను నా కాళ్ళకంటొద్దని చెప్పెటోళ్ళు గూడ పుట్టిన్రు" అన్నది. తిట్టినట్టు లేదు, తనలో తాను అనుకున్నట్టు ఉంది. నేను పక్కకు తిరిగి ఏడ్చాను.

ఒకరోజు పొద్దున్నే ఫోన్. అక్క గొంతు మారిపోయి ఉంది.

"చెల్లె, బతుకుతున్నయే! కాండం మీద కొత్త ఏర్లు వస్తున్నయ్. తెల్లగ, చిన్న చిన్నయి. ఉన్న ఏరు చెడిపోతే చెట్టు కొత్త ఏర్లు పెట్టుకుంటున్నది. నువ్వు రా, చూద్దువుగాని."

పోయి చూశాను. నిజమే. నేల పైన కాండం పొడుగునా తెల్లటి వేరు మొలకలు, పిల్లల పాలపళ్ళలాగా. ఎండు తెగులు ముదిరిన టమాటలో అవి వస్తాయి. నీళ్ళు అందక, లోపల ఇథిలీను పెరిగి, ఆక్సిను కదలిక తప్పి, చెట్టు దిక్కుతోచక కాండం మీద వేర్లు పుట్టిస్తుంది. అవి నేలను చేరేలోగా చెట్టు చచ్చిపోతుంది. ఈ ముక్క నేను పిల్లలకు బొమ్మ గీసి చెబుతాను, ఇది తెగులుకు గుర్తు అని కింద గీత కూడా గీస్తాను.

అక్క మోకాళ్ళ మీద కూర్చొని ఆ వేర్ల దాకా మట్టి ఎగదోస్తున్నది. ఒక్కొక్క చెట్టుకు. చెమటలు కారిపోతున్నాయి. "మన్ను అందితే పట్టుకుంటయ్ గదా?" అని తలెత్తి అడిగింది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, నాకు ఉన్న మాట పోయింది. నేను కూడా పక్కన కూర్చొని మట్టి ఎగదోశాను. ఆ సాయంత్రం వరకు ఇద్దరం అదే పని చేశాం. పని చేస్తున్నంతసేపు అక్క చిన్నప్పటి ముచ్చట్లు చెబుతూనే ఉంది. నేను ఊఁ కొడుతూనే ఉన్నాను.

వారం తిరగకుండా ఆ సాళ్ళు కూడా పోయాయి. అక్క ఇక మందుల దుకాణానికి పోలేదు. నేను వెళ్ళినప్పుడు నన్ను చేన్లోకి తీసుకుపోయి, ఎండిన మోళ్ళ మధ్య నడుస్తూ చూపించింది.

"ముందుగాల ఇక్కడ వాడింది. తర్వాత గిక్కడ. గక్కడ. పోగుంటలు పెట్టిన కాడనే మొదలైంది, ఆడికెళ్ళి నీళ్ళ ఎంబడి పాకింది. అవునా?"

అవును. నేను కూడా లోలోపల అదే లెక్క వేసుకుంటున్నాను. బాయి నారుమడి ఎక్కడ కట్టిందని అడిగాను. ఇంటి ఎనుక, పోయినేడు వంకాయ పెట్టిన చోట, అన్నది అక్క. ఆ వంకాయ చెట్లు నిలువునా ఎండిపోతే దిష్టి తగిలిందని పీకేశారట. మన్ను మెత్తగా గుల్లగా ఉంది కదా అని అక్కడే టమాట నారు పోసింది. మొక్కలను మట్టి పెళ్ళతో లేపి తెచ్చింది, ప్రేమగా. ఆ పెళ్ళల్లోనే వచ్చింది.

"దానికి చెప్పకు" అన్నది అక్క.

"చెప్పకపోతే ఎట్లక్కా? ఇప్పుడు అదే మడిలో మిరప నారు పోసింది. మిరపకు కూడా పడుతుంది. ఎంతమంది అడుగుతారో, అందరికీ పంచిపెడుతుంది."

"దాని పానం పోతది చెల్లె. నా చేను కోసం నా కన్న ఎక్కువ ఏడ్చింది అది. చెప్పకు. నేను చేస్త ఒకటి."

అక్క చేసిన పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఏమనాలో తెలియదు. బాయి దగ్గరికి పోయి మిరప నారు అడిగింది. కొంచెం కాదు, మొత్తం. టమాట పోయింది కాబట్టి ఆ చోట మిరప పెడతానని చెప్పింది. అడిగితే లేదనరు కదా. అప్పటికే మరో ఇద్దరు ఆడవాళ్ళు అడిగి పెట్టుకున్నారు, బాయి వాళ్ళకు మాట తప్పింది. తన చేనుకు ఉంచుకున్నది కూడా ఉంచుకోలేదు. "నీకు పండితే నాకు పండినట్టే, భూపాలపల్లి పోకుంటవు" అని మడి మొత్తం లేపి గంపల్లో పెట్టి ఇచ్చింది. ఊళ్ళో ఆ ఇద్దరు ఆడవాళ్ళు అక్కను నానా మాటలు అన్నారు, ఆశకు అంతుండాలని. అక్క ఒక్క మాటకు జవాబు చెప్పలేదు. ఆ నారునంతా ఎండిన టమాట కుప్పల మీద వేసి కాల్చేసింది. పచ్చి నారు కదా, మండక పొగ వచ్చింది. గంపలను బ్లీచింగ్ నీళ్ళతో కడిగి, పప్పు గింజలు వేసి తిరిగి ఇచ్చింది.

ఇక ఆ చెలకను మక్కజొన్న వేసే షరతు మీద ఒకతనికి కౌలుకు ఇచ్చారు. బావ నేనే గెలిచానని ఒక్కసారి కూడా అనలేదు. ఆయన పని మానుకునే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. సామాను ట్రాలీ ఆటోలో వేసే రోజు నేను కూడా వెళ్ళాను. తాళం వేస్తుండగా బాయి వచ్చింది. దారిలో చేను చూసుకుంటూనే వచ్చినట్టుంది.

"మిరప బతకలేదా?" అన్నది.

"ఎండింది బాయి. నా చేతికి అచ్చిరాలే" అన్నది అక్క.

బాయి కొంగుముడి విప్పి చూపించింది. మిరప గింజలు. "మడి మళ్ళ దున్నిన. ఇయ్యాల్ల పోస్త. నీకోసమే పోస్త. జర ఓపిక పట్టు, పోకు. సామాన్ దించు" అంటూ ఆటోలోని బిందె పట్టుకొని లాగింది.

అక్క నా వైపు చూసింది. చెప్పొద్దని ఆ చూపుకు అర్థం. కానీ మళ్ళీ అదే మడి, మళ్ళీ అదే మట్టి, మళ్ళీ ఆమె చేతుల మీదుగా ఊరంతా. నేను చెప్పాను. కోపంగా కాదు, చాలా మెల్లగా, చెయ్యి పట్టుకొని చెప్పాను. వంకాయ ఎండింది దిష్టికి కాదని, మట్టిలోనే తెగులు ఉందని, ఆ మడిలో టమాట, వంకాయ, మిరప ఏదీ పొయ్యొద్దని, నారు కావాలంటే వేరే చోట కొత్త మట్టిలో పోసుకొమ్మని. ఆమె అంతా విన్నది. బిందె మీద నుంచి చెయ్యి తీసింది.

"అంటె గీమె చేను నేను సంపిన్నా?"

"కాదు బాయి, ఏం మాటలు గవి" అని అక్క అరిచింది.

బాయి అక్క వైపు చూడలేదు. నా వైపే చూసింది, చదువుకున్నదాన్ని కదా, నేను ఏమంటానో అని. "నీ తప్పు కాదు" అన్నాను. ఆమె అడిగింది తప్పు సంగతి కాదు. కాదు అనడానికి నా చదువు ఒప్పుకోలేదు, అవును అనడానికి నోరు రాలేదు. ఆటో డ్రైవరు ఆలస్యమవుతుందని హారన్ కొట్టాడు. బాయి గింజలు మళ్ళీ కొంగున ముడివేసుకొని తండా దారి పట్టింది.

భూపాలపల్లిలో అక్క ఇప్పుడు ఒక గదిలో ఉంటుంది. కిటికీ రెక్క తెరిస్తే సన్నటి నల్ల దుమ్ము, మూస్తే ఉక్క. బావ డ్యూటీకి పోయాక రోజంతా ఏం చెయ్యాలో తోచక గిన్నెలు తోమినవే తోముతుంది. మొన్న ఒక ఆదివారం పోతే టీ పోసిచ్చి, నేను ఒక్క గుక్క తాగకముందే, "అటు పోయినవా? బాయి కనబడ్డదా?" అని అడిగింది.

పోయాను. చెలక మట్టి పరీక్షకు తీసుకుందామని పోయి, తండాకు కూడా వెళ్ళాను. బాయి నేను చెప్పినట్టే చేసింది. ఇంటికి దూరంగా, ఎప్పుడూ కూరగాయలు వెయ్యని చోట కొత్త మడి కట్టి వంకాయ నారు పోసింది. నేను రెండు మొక్కలు పీకి వేళ్ళు చూశాను, తెల్లగా ఆరోగ్యంగా ఉన్నాయి. తన చేను నిండగా మడిలో ఇంకా సగం మిగిలే ఉంది, ముదిరి పూతకు వస్తోంది. ఎవరికీ ఇవ్వడం లేదు. ఎవరు అడిగినా లేవంటుంది. అడిగేవాళ్ళకు మడి కనబడుతూనే ఉంటుంది, అయినా లేవంటుంది. ముదిరినవి పీకి తనే గట్టు మీద పారేస్తుంది.

ఇదంతా అక్కకు చెప్పాను.

"నారు మంచిగుందని నువ్వు చెప్పలేదా?"

"చెప్పిన."

"మరి?"

"నమ్మలే."

"నా పేరు చెప్పి అడగకపోయినవు? మా అక్క క్వార్టర్ ఎనుక నాలుగు వంకాయ చెట్లు పెట్టుకుంటదట, ఇయ్యి అంటే ఇస్తుండె. నేను అడిగితే ఎన్నడు లేదనలే అది."

"నీ పేరు చెప్పే అడిగిన అక్కా."

"ఏమన్నది?"

నేను టీ గ్లాసు కింద పెట్టాను.

"లేవన్నది."